జీతం లేదు, బాస్ లేడు.. అయినా డెడ్‌లైన్ వచ్చింది! డెబియన్‌లో 'రస్ట్' రచ్చ వెనక అసలు కథ ఇదీ

సరిగ్గా ఆరు నెలలు. ఈలోగా ఏర్పాట్లు చేసుకోండి, లేదంటే మూసేసుకోండి. 2025 అక్టోబర్ 31న డెబియన్ డెవలపర్ల ముందుకొచ్చిన ఓ ప్రకటన సారాంశం ఇదే. ఇచ్చింది జూలియన్ ఆండ్రెస్ క్లోడ్. డెబియన్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే 'ఏపీటీ' అనే టూల్ బాధ్యతలు చూసే డెవలపర్ ఆయన. ఏపీటీలోకి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ను తప్పనిసరిగా తీసుకొస్తామని, అయితే అది 2026 మే కంటే ముందు ఉండదని ఆయన చెప్పారు. రస్ట్ పనిచేయని కంప్యూటర్ల కోసం డెబియన్‌ను నడుపుతున్న టీమ్‌లకే ఆ ఆరు నెలల గడువు.

కంపెనీల్లో ఇలాంటి డెడ్‌లైన్లు మామూలే. కానీ డెబియన్ కంపెనీ కాదు. ఇక్కడ ఎవరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. నెల తిరిగేసరికి డెబియన్ నుంచి జీతం పడదు. ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు తమ ఖాళీ టైమ్‌లో చేసే పని ఇది. మరి జీతం ఇవ్వని చోట గడువు పెట్టే హక్కు ఎవరికి ఉంటుంది? రచ్చంతా అక్కడే మొదలైంది.

ఇంతకీ మనకేంటి సంబంధం?

డెబియన్ పేరు విననివాళ్లు కూడా దాని మీద ఆధారపడే ఉన్నారు. ఉబుంటు, లినక్స్ మింట్, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ అన్నీ దీని నుంచి పుట్టుకొచ్చినవే. రోజూ మొబైల్‌లో ఓపెన్ చేసే ఎన్నో వెబ్‌సైట్ల సర్వర్లలో నడుస్తున్నది డెబియన్ లేదా దాని పిల్ల సిస్టమే. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ తాజా వెర్షన్ 'ట్రిక్సీ' 2025 ఆగస్టు 9న విడుదలైంది. అందులో 69,830 ప్యాకేజీలు ఉన్నాయి. పోతన, వేమన పేర్లున్న తెలుగు ఫాంట్లు కూడా డెబియన్‌లో ప్యాకేజీల రూపంలోనే దొరుకుతాయి.

ప్యాకేజీ అంటే కోడ్‌ను జిప్ చేసి పెట్టడం కాదు. ఎక్కడో ఎవరో రాసిన ప్రోగ్రామ్‌ను ఓ వాలంటీర్ తీసుకుంటారు. దాని లైసెన్స్ చూస్తారు. అది పనిచేయడానికి ఇంకే ప్రోగ్రామ్‌లు కావాలో రాసిపెడతారు. రకరకాల ప్రాసెసర్లకు విడివిడిగా తయారయ్యేలా చూస్తారు. ఏదైనా లోపం బయటపడితే అర్ధరాత్రైనా ప్యాచ్ పంపుతారు. ఇలా తయారైన వేల ప్యాకేజీలను యూజర్ కంప్యూటర్ దాకా చేర్చేదే ఏపీటీ. ఫోన్‌లో ప్లే స్టోర్ ఎలాగో డెబియన్‌లో ఏపీటీ అలాగ. లిస్టు తెస్తుంది, డిజిటల్ సంతకం సరిచూస్తుంది, అవసరమైనవన్నీ డౌన్‌లోడ్ చేస్తుంది. పైగా ఈ పనంతా అడ్మిన్ అధికారాలతో చేస్తుంది. అంటే ఏపీటీలో చిన్న కన్నం ఉన్నా దొంగ నేరుగా బీరువా దగ్గరికే వెళ్లిపోతాడన్నమాట!

క్లోడ్ వాదనలో బలం ఎంత?

ఏపీటీ ప్రస్తుతం సీ ప్లస్ ప్లస్ లాంగ్వేజ్‌లో ఉంది. ఇందులో మెమరీని ఎలా వాడాలో ప్రోగ్రామరే జాగ్రత్తగా చూసుకోవాలి. ఎక్కడైనా లెక్క తప్పితే, తేడా ఫైల్ ఒకటి పంపి సిస్టమ్‌ను కూల్చేసే ప్రమాదం ఉంటుంది. రస్ట్‌లో అలాంటి తప్పుల్లో చాలావాటిని కంపైలర్ ముందే పట్టేస్తుంది. ప్యాకేజీ ఫైళ్లను చదివే కోడ్, సంతకాలను సరిచూసే కోడ్ రస్ట్‌లో ఉంటే మేలని క్లోడ్ అంటున్నారు.

ఇది గాల్లోంచి పుట్టిన భయమేం కాదు. 2020లోనే మేలో ఒకసారి, డిసెంబర్‌లో ఇంకోసారి ఏపీటీలో ప్యాకేజీ ఫైళ్లను చదివే భాగంలో సెక్యూరిటీ లోపాలు బయటపడ్డాయి. రెండుసార్లూ హడావుడిగా అప్‌డేట్లు ఇవ్వాల్సి వచ్చింది.

అయితే ఏపీటీని నిజంగా వణికించిన లోపం మాత్రం 2019 జనవరిలో వచ్చింది. నెట్‌వర్క్ మధ్యలో కూర్చున్న హ్యాకర్ ఏపీటీకి దొంగ సమాచారం పంపి, కంప్యూటర్‌ను పూర్తిగా గుప్పిట్లో పెట్టుకునే వీలు దాంతో ఉండేది. అది మెమరీ తప్పు కాదు, లాజిక్‌లో దొర్లిన పొరపాటు. రస్ట్‌లో రాసినా అలాంటి తప్పు జరగొచ్చు. రస్ట్ వస్తే అన్నీ సెట్ అయిపోతాయని చెప్పేవాళ్లు ఈ సంగతి పెద్దగా ప్రస్తావించరు!

ఉబుంటులో ఈమధ్యే ఓ అనుభవం ఎదురైంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 25.10లో లినక్స్ బేసిక్ కమాండ్లను రస్ట్‌లో రాసిన కొత్త వెర్షన్లతో మార్చారు. అందులో తేదీ చూపించే చిన్న కమాండ్‌లోని బగ్ కారణంగా కొన్ని సిస్టమ్‌లలో ఆటోమేటిక్ అప్‌డేట్ల చెకింగ్ ఆగిపోయింది. త్వరగానే సరిచేశారు గానీ, ఏళ్ల తరబడి నలిగిన పాత కోడ్‌ను పక్కన పెడితే ఏమవుతుందో చూపించడానికి ఆ ఒక్కటి చాలు.

మరో మాట కూడా వినిపించింది. ఏపీటీకే పనిచేసే ఇంకో డెవలపర్ ఏమన్నారంటే, ఆ ప్యాకేజీ ఫైళ్లను చదివే కోడ్ ఏపీటీలో ఒకట్రెండు చిన్న టూల్స్‌కే కావాలి, దాన్ని రస్ట్‌లో తిరగరాసే బదులు ఏపీటీ నుంచే తీసేస్తే పోలా? సూటి ప్రశ్నే. క్లోడ్ ఉబుంటును నడిపించే కెనోనికల్ కంపెనీ ఉద్యోగి కూడా కావడంతో, ఇది డెబియన్ అవసరమా, కంపెనీ అవసరమా అన్న గుసగుస ఎలాగూ తప్పదు.

దెబ్బ పడేది ఎవరి మీద?

నాలుగు పాత ప్రాసెసర్ రకాల మీద. ఒకప్పటి అమిగా, అటారీ, పాత మెకింతోష్‌లలో ఉన్న మోటరోలా 68000 కుటుంబం, డెక్ కంపెనీ తెచ్చిన ఆల్ఫా, హెచ్‌పీ వారి పీఏ-రిస్క్, సెగా డ్రీమ్‌కాస్ట్ గేమ్ కన్సోల్‌లో వాడిన ఎస్‌హెచ్-4. వీటిలో ఏదీ ఇప్పుడు డెబియన్ అధికారిక జాబితాలో లేదు. ట్రిక్సీ అధికారికంగా సపోర్ట్ చేసే 7 రకాల్లోనూ రస్ట్ ఇప్పటికే పనిచేస్తోంది. అంటే మామూలు ల్యాప్‌టాప్ యూజర్‌కు, రాస్ప్‌బెర్రీ పై వాడే స్టూడెంట్‌కు ఈ మార్పు వచ్చినా తెలియకపోవచ్చు.

మరి అంత రచ్చ ఎందుకు? ఆ పాత మెషీన్ల వెనక మనుషులున్నారు కాబట్టి. ఏళ్లుగా సొంత కరెంటు బిల్లుతో, పాత బోర్డులు వెతికి తెచ్చుకుని మరీ వాటిని బతికిస్తున్నవాళ్లు. రెట్రో మెషీన్లలో ఆధునిక సాఫ్ట్‌వేర్‌ను కుక్కడం కోసం ప్రాజెక్ట్ మొత్తం వెనకబడకూడదన్నట్టుగా క్లోడ్ రాసిన వాక్యం వాళ్లకు ఎక్కడో తగిలింది. గడువు కంటే ఆ మాటతీరుపైనే కొందరు అభ్యంతరం చెప్పారు. నిజానికి ఆ వాక్యం లేకపోయినా ఆయన వాదనకు వచ్చే నష్టమేం లేదు.

పైగా రస్ట్ ఎప్పుడో వెనక గుమ్మం నుంచి లోపలికి వచ్చేసింది. ట్రిక్సీలోని ఏపీటీ డిజిటల్ సంతకాలను సరిచూడటానికి రస్ట్‌లో రాసిన సెకోయా అనే టూల్‌నే వాడుతోంది. తేడా ఏంటంటే, రస్ట్ లేని చోట పాత పద్ధతికి వెళ్లే దారి తెరిచే ఉంచారు. ఇప్పుడు మూసేస్తామంటున్నది ఆ దారినే.

ఆర్డర్ వేయలేరు.. కానీ గేటు వేయగలరు

డెబియన్‌కు ఓ రాజ్యాంగం ఉంది. పేరే అది. ప్రాజెక్ట్ కోసం ఫలానా పని చేసి తీరాలని ఎవరినీ బలవంతం చేయడానికి లేదని అందులో స్పష్టంగా రాసుకున్నారు. ఇష్టం లేని పని చేయనక్కర్లేదు, కాకపోతే నిర్ణయాలకు అడ్డుపడకూడదు.

ఈ రూల్ రెండు వైపులా కోస్తుంది. పాత మెషీన్ల టీమ్‌కు రస్ట్ తెచ్చుకోమని ఎవరూ ఆర్డర్ వేయలేరు. అలాగే మా కోసం పాత కోడ్‌ను ఉంచండి అని ఏపీటీ టీమ్‌ను కూడా ఎవరూ బలవంతం చేయలేరు. కాగితం మీద ఇద్దరూ సమానమే. ఆచరణలో కాదు. ఏపీటీ అందరూ దాటాల్సిన గేటు. యూజర్‌కే కాదు, కొత్త ప్యాకేజీలు తయారుచేసే సర్వర్లకు కూడా ఏపీటీ లేకపోతే పని జరగదు. గేటు దగ్గరున్న వ్యక్తి రేపటి నుంచి తాళం మారుస్తున్నా అంటే అది సలహా కాదు, ఆదేశమే. ఆ బరువు తెలిసి చర్చ మొదలుపెట్టి ఉంటే సగం వేడి తగ్గేది. ఆరు నెలల ముందే చెప్పడం మాత్రం మెచ్చుకోవాల్సిందే, చెప్పకుండా మార్చేసిన ప్రాజెక్టులు ఎన్ని లేవు!

డెబియన్‌కు ఇలాంటి తగాదాలు కొత్త కాదు. 2014లో సిస్టమ్‌డీ గొడవ ఇంతకు పదింతలు. కంప్యూటర్ ఆన్ అవగానే ముందు నడిచే ప్రోగ్రామ్ ఏదుండాలన్న దానిపై టెక్నికల్ కమిటీ 4-4గా చీలిపోయింది. చివరికి ఛైర్మన్ కాస్టింగ్ ఓటుతో తేలింది. నచ్చనివాళ్లు బయటికెళ్లి దేవువాన్ పేరుతో సొంత కుంపటి పెట్టుకున్నారు. ఈసారి అంత దూరం వెళ్లే సూచనలు కనిపించడం లేదు. నాలుగు చిన్న టీమ్‌ల బలం అంతంతమాత్రం.

వాళ్ల ముందున్న దారులు కూడా తక్కువే. రస్ట్ కంపైలర్ కొత్త ప్రాసెసర్ మీద పనిచేయాలంటే దాని వెనకుండే ఎల్‌ఎల్‌వీఎం అనే వ్యవస్థకు ఆ ప్రాసెసర్ భాష తెలియాలి. మోటరోలా 68000కి అక్కడ ప్రయోగ దశలో సపోర్ట్ ఉంది. మిగతా మూడింటికీ అది కూడా లేదు. జీసీసీ అనే పాత కంపైలర్‌కు ఈ ప్రాసెసర్లన్నీ తెలుసు, దాని ద్వారా రస్ట్‌ను నడిపించే రెండు ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి టైమ్‌కు అందకపోతే మిగిలేది ఒక్కటే. సీ ప్లస్ ప్లస్‌లో ఉన్న పాత ఏపీటీని కాపీ తీసుకుని విడిగా నడుపుకోవడం. అప్పుడు అందులో బయటపడే ప్రతి సెక్యూరిటీ లోపాన్నీ ఆ కొద్దిమందే పట్టుకుని, వాళ్లే ప్యాచ్ చేసుకోవాల్సి ఉంటుంది.