ఒక పట్టణపు సొత్తు

ధనవంతుడైన యజమాని లేనిదే ఆటజట్టు పెక్కునాళ్లు నిలువదని లోకులు తఱచుగా చెప్పుదురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి గ్రీన్ బే పట్టణమును, అచ్చటి ప్యాకర్సు అను ఫుట్‌బాలు జట్టును ఎఱిగినవారు ఈ మాటకు సమ్మతింపరు. అమెరికావారు ఫుట్‌బాలని పిలుచు ఆట మన బాలురాడునది కాదు. అందు బంతిని చేతబట్టి పరుగిడుటయే హెచ్చు. 2020 జనాభా లెక్కలలో గ్రీన్ బే జనసంఖ్య సుమారు 1,07,000. ఇంత చిన్న పట్టణము న్యూయార్కు, చికాగో మహానగరముల జట్లతో నొక్క లీగునందే నూఱేండ్లుగా పోరాడుచు, 2011 నాటికి 13 పర్యాయములు జాతీయ విజేత యయ్యెను. దీనికి కారణము ఆటగాండ్ర బలము మాత్రమే కాదని మా యభిప్రాయము.

1919 ఆగస్టులో కర్లీ లాంబో అను యువకుడును, జార్జి కాల్హూన్ అను పత్రికారచయితయు ఈ జట్టును కూర్చిరి. లాంబో అప్పుడు ఇండియన్ ప్యాకింగు కంపెనీ యను మాంసపు కంపెనీలో గుమాస్తా. ఆ కంపెనీ దుస్తులకును పరికరములకును 500 డాలర్లిచ్చెను. జట్టు పేరు అందుండియే వచ్చినది. ఇందలి ‘ఇండియన్’ అను మాటకు మన దేశముతో సంబంధము లేదు. 1921లో జట్టు లీగున చేరెను. ఆ యేడే కళాశాల విద్యార్థులను మాఱుపేర్లతో ఆడించి పట్టుబడి, 1922 జనవరిలో తన స్థానమును పోగొట్టుకొనెను. కొన్ని నెలలకు లాంబో దానిని తిరిగి సంపాదించెను. ఉపాధ్యాయులమైన మేము ఈ సంగతిని దాచి జట్టును పొగడజాలము.

అప్పులు మీదపడగా 1923లో ఊరి పెద్దలు ఒక సంఘమును స్థాపించి, 5 డాలర్ల చొప్పున 1,000 వాటాలను అమ్మకమునకు పెట్టిరి. వాటాదారులకు లాభము పంచరాదని నియమించిరి. జట్టును ఎన్నడైన అమ్మివేసినచో ఆ ధనము వారి చేతికి రాదు. ఆ యూరి మాజీసైనికుల సంఘమునకు, సైనికుల స్మారక నిర్మాణము కొఱకు, పోవలెను. 1997లో ఆ హక్కు ఒక ధర్మనిధికి మార్చబడెను. అమ్మినను ఎవ్వనికిని దమ్మిడీ దక్కనిచో అమ్మగోరువాడెవ్వడు? ఈ చరిత్రలోని యన్ని విజయములకంటెను ఈ యొక్క షరతే గొప్పదని మేము తలంచుచున్నాము.

1925 మొదలు 1956 వఱకు ఈ జట్టు ఈస్టు హైస్కూలు ప్రక్కనున్న మైదానముననే ఆడెను. దేశవిజేతలును, బడిపిల్లలును ఆడినది ఆ నేలమీదనే. లాంబో చదివినదియు ఆ బడిలోనే.

ఆ షరతునకు అసలు పరీక్ష 1949లో వచ్చెను. ఆ యేడు జట్టు 12 పోటీలలో పదింట నోడెను. పెట్టె ఖాళీ యయ్యెను. అప్పుడు జట్టును లాభార్జన సంస్థగా మార్చినచో ధనవంతులు పెట్టుబడి పెట్టుదురని సూచించినవాడు పరుడెవ్వడును కాడు; జట్టును స్థాపించి ఆఱు విజయములు తెచ్చిన లాంబోయే. కార్యవర్గమువారు ఒప్పుకొనలేదు. 1950లో ఆయన ఊరు విడిచిపోయెను. ఊరివారు 25 డాలర్ల వాటాలు కొని లక్షకు పైగా డాలర్లు కూర్చిరి. ఏ యొక్కనికిని 200 వాటాలకు మించి యుండరాదని కట్టుబాటు చేసిరి. ఇది కృతఘ్నత యని కొందఱందురు. మేమట్లు తలంపము. 1965లో లాంబో మరణింపగా ఆ యూరివారే తమ క్రొత్త మైదానమునకు ఆయన పేరు పెట్టిరి. పేరిచ్చిరి గాని సొత్తీయలేదు.

1959లో శిక్షకుడుగా వచ్చిన విన్స్ లొంబార్డీ పూర్వము ఒక హైస్కూలులో లాటిన్, భౌతిక, రసాయన శాస్త్రములు బోధించినవాడు. ఆయన అయిదు విజయములను గూర్చి చదువరులు వేఱుచోట్ల చదువుకొందురు గాక. అంతకంటె ముఖ్యమైనది, 1961లో అమెరికా శాసనసభ అనుమతింపగా, టెలివిజను వలన వచ్చు సొమ్మును లీగువారు జట్లన్నిటికి సమానముగా పంచుకొనుట. అది లేనిచో చిన్న యూరి పట్టుదల యొక్కటియే చాలదు.

ఇందు ఆక్షేపణకు తావు లేకపోలేదు. 2011లో 250 డాలర్లకు, 2021లో 300 డాలర్లకు అమ్మిన వాటాలు లాభము తేని కాగితములే. వానిని కొన్నవారు విరాళమిచ్చితిమని యెఱిగియే యిచ్చిరి గనుక అందు మోసము లేదు. అయితే మైదానమును విస్తరించుటకై 2000లో స్వల్పాధిక్యముతో నెగ్గిన ఓటు వలన ఆ జిల్లావారందఱు 2015 వఱకు కొనుగోళ్లపై నూటికి అర వంతు పన్ను చెల్లించిరి. ఆట నెన్నడును చూడని బీదవాడును చెల్లించెను. ఇది మాకు సమ్మతము కాదు.

అయినను క్లీవ్‌లాండు గతిని చూడుడు. అచ్చటి యజమాని 1996లో తన జట్టును బాల్టిమోరునకు తరలించుకొనిపోయెను. ఏండ్ల తరబడి టిక్కెట్లు కొన్న ప్రజలు చూచుచుండుట తప్ప చేయగలిగినది లేకపోయెను. ఇట్టి సంగతుల నెఱిగియు లీగువారు, ప్రతి జట్టునకు కొలదిమంది యజమానులే యుండవలెననియు, వారిలో నొక్కనికి ప్రధానాధికార ముండవలెననియు నియమము చేసికొని, పూర్వమునుండి యున్నదను కారణమున గ్రీన్ బేకు మాత్రము మినహాయింపిచ్చిరి. మఱియొక పట్టణము నేడు గ్రీన్ బేవలె చేయదలచినను వీలులేదు. ఆ నియమము యజమానులు తమ మేలునకై వ్రాసికొన్నదే యని మా నమ్మకము. దానిని తీసివేయుటయే న్యాయము.