కిలో పన్నుకు కదిలిన బస్తా

2022 జులై 18న, 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబులేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ తర్వాత చూస్తుండగానే కొట్లలోకి 26 కిలోల బస్తా దిగిపోయింది. పన్ను తప్పించుకోవడానికి సంచి మారింది, అచ్చు మారింది, కాటా లెక్క మారింది. పెరిగిన ఆ కిలోను ఎవరు మోస్తున్నారని మాత్రం ఎవరూ అడగలేదు.

రేషన్ కోసం మిల్లులు ప్రభుత్వానికి అప్పజెప్పే బియ్యమైతే 50 కిలోల గోనెసంచిలోనే పోతుంది. 20 టన్నుల లారీకి 400 బస్తాలు. ఎనిమిది మంది హమాలీల ముఠా ఎక్కిస్తే మనిషికి రెండున్నర టన్నులు. అదీ ఒక్క లారీకే.

ఇద్దరు చెరో చివరా పట్టి లేపుతారు. మూడో మనిషి వంగి, మెడా వీపూ కలిసేచోట అందుకుంటాడు. రక్షణ పరికరం అంటారా? తలకు చుట్టిన తువ్వాలే. అడుగు వేస్తే ఊగే చెక్కపలక మీదుగా పైకెక్కి, నడుం తిప్పి బస్తా విసురుతాడు. వెన్నుపూసల మధ్య డిస్కును దెబ్బతీసేది ముఖ్యంగా ఆ వంగడం, ఆ తిప్పడమే. అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధించే నియోష్ సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నా ఎత్తదగ్గ బరువు 23 కిలోలే. నడుం తిప్పాల్సి వచ్చినా, మాటిమాటికీ ఎత్తాల్సి వచ్చినా అది ఇంకా తగ్గుతుంది.

హాని చేసేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని మన ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్లో 1948లోనే రాశారు. కానీ నడుం ఒక్కరోజులో విరగదు, ఏళ్ల తరబడి అరుగుతుంది. కాబట్టి పరిహారానికి అది ప్రమాదం కింద లెక్కకు రాదు. పోనీ వృత్తి జబ్బా అంటే, 1923 నాటి కార్మికుల పరిహార చట్టం జాబితాలో సిలికోసిస్ ఉండేది గానీ నడుంనొప్పి ఉండేది కాదు.

చిత్రమేమిటంటే, మిల్లు లోపల ధాన్యం ఎలివేటర్లో పైకెక్కుతుంది. రంగు మారిన గింజను సార్టెక్స్ యంత్రం కెమెరాతో ఏరేస్తుంది. అంత సరంజామా దాటొచ్చిన బియ్యం గేటు దగ్గర మాత్రం మనిషి మెడ మీదెక్కుతుంది. లారీకి బస్తాలెక్కించే కన్వేయర్ బెల్టు పెట్టడం సార్టెక్స్ కొన్నంత ఖర్చేమీ కాదు.

సంచి చిన్నదైతే చాలదు. కూలి బస్తా లెక్కన కట్టేచోట, 25 కిలోల సంచి అంటే రేటు సగానికి కోస్తారేమో, ట్రిప్పులు రెట్టింపవుతాయేమో అని హమాలీ భయపడితే అందులో తప్పులేదు. రేషన్ బియ్యం తీసుకునేదీ, దాని సంచి కొలత రాసేదీ ప్రభుత్వమే. 25 కిలోల సంచి, క్వింటా లెక్కన కూలి, లారీ దగ్గర బెల్టు: ఈ మూడూ ఒకే ఉత్తర్వులో రావాలి.