బరువు గల కొయ్య తుపాకి

వచ్చే వార్షికోత్సవమునకు అల్లూరి సీతారామరాజు నాటకము ప్రదర్శించవలెనని మన విద్యార్థులు నిశ్చయించుకొన్నారు. భీమవరము చెంతనున్న మోగల్లు ఆయన పితృగ్రామము కనుక ఈ సీమకు అది పరాయి కథ కాదు. చిక్కంతయు తుపాకి దగ్గర వచ్చినది. గుండుగొలను నుండి వచ్చు విద్యార్థి ఒకడు, వడ్రంగి కుమారుడు, అట్టతుపాకి వద్దని, ఆనాటి బ్రిటిష్ సైన్యపు .303 రైఫిలును కొలత తప్పకుండ కొయ్యతో చేసెదనని ముందుకు వచ్చినాడు. పాలకవర్గమున కొందరు సందేహించినారు.

ఆ సందేహమును మేము తేలికగా కొట్టివేయము. "మన కాలేజీలో తుపాకి బొమ్మ అన్న మాట బజారుకు చేరేసరికి బొమ్మ అన్న ముక్క రాలిపోతుందండీ" అన్నారొక పెద్దాయన. ఆ భయమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. పేరు అడిగిన పిమ్మట సంచిని రెండవసారి వెదికించుకొన్న అనుభవము మాకును కలదు. అయినను చాటున చేయుట కంటె, చేయక మానుట కంటె, పదిమంది ఎదుట చేయుటయే మేలని మా అభిప్రాయము. 1959 నాటి ఆయుధముల చట్టము 6వ సెక్షను, బొమ్మ తుపాకిని లైసెన్సు లేకుండ నిజమైన తుపాకిగా మార్చరాదన్నది. మనవాడు చేయుదానికి గొట్టమే లేదు. ఆ స్థానమున రంధ్రము లేని ఇనుపకడ్డీ ఉన్నది. పేల్చుటకు పనికిరాకుండ చేసి, డి.పి. అని ముద్రవేసిన రైఫిళ్లతో ఎన్.సి.సి. విద్యార్థులు కవాతు నేర్చిన సంగతి పెద్దలకు తెలిసినదే.

ఇక పని సంగతి. 1907లో బ్రిటిష్ సైన్యము స్వీకరించిన ఆ రైఫిలు పొడవు నలుబది నాలుగున్నర అంగుళములు, బరువు నాలుగు కిలోలకు కొంచెము తక్కువ. మనదేశమున ఇషాపూర్ కర్మాగారములోను దానిని తయారుచేసినారు. కొయ్య దాదాపు గొట్టము కొసవరకు ఎందుకు కప్పవలెనని మనవాడు అడిగినాడు. కాల్చగా కాల్చగా వేడెక్కిన గొట్టము సిపాయి చేతిని కాల్చకుండుటకు. ఇషాపూర్ వారు ముందుకొయ్య పగులకుండ అడ్డముగా ఒక మర బిగించెడివారు. కుమారుడు దానిని కూడ బిగించుచుండగా తండ్రి నవ్వి, "మన ఎండకి కొయ్యేం చేస్తదో ఆళ్లకీ తెలిసిందిరా" అన్నాడు. మా ఉపన్యాసములలో ఇంతటి చరిత్ర పాఠము ఒక్కటియు లేదు.

అన్నిటికంటె ముఖ్యము బరువు. సినిమా తుపాకికి బరువు లేదు. ఒంటిచేత ఎత్తవచ్చును, విసరవచ్చును. మొన్నటి అభ్యాసమున వెదురుకర్రలు పట్టి గంతులు వేసిన పిల్లలకు ఇనుపకడ్డీ దిగిన ఆ కొయ్య నిచ్చితిమి. పోలీసు వేషగాడు పదినిమిషములు నిలిచి, భుజము మార్చుకొని, పిమ్మట ఎవరును చెప్పకయే సంభాషణ నెమ్మదిగా పలికినాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలలో పట్టిన తుపాకులను కొండదారిలో ఎవరు మోసిరో మన నాటకములకు పట్టదు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇద్దరు తెల్ల అధికారులు కూలిరి. 1924 మే 7న రాజును చెట్టుకు కట్టి కాల్చిరి. అట్టతుపాకితో ఆడిన నాటకము ఈ రెంటిని ఒక్క చప్పట్లతో దాటిపోవును. అదే మా ఫిర్యాదు.

కట్టుబాట్లు ఉండవలసినదే. దాని మడమపై 'నాటకపు బొమ్మ' అని చెక్కవలెను. వీధిలో పట్టుకొని తిరుగరాదు, సెల్‌ఫోను ఫోటోలకు అసలే ఈయరాదు. ప్రదర్శన ముగిసిన నాడే చరిత్ర శాఖ బీరువాలో పెట్టి తాళము వేయవలెను. ఈ విషయమున విద్యార్థులు మాపై అలిగినను సరే.

ప్రస్తుతము అది గుండుగొలనులో వడ్రంగి బల్లపై ఉన్నది. పక్కనున్న కిరాణా కొట్టు కాటాలో తూచగా రెండున్నర కిలోలు తూగినది. మిగిలిన బరువునకు ఇనుపముక్క వెదకుచున్నారు. పాలకవర్గపు తదుపరి సమావేశమునకు దానిని తెచ్చెదము. పెద్దలు మొదట రెండు చేతులతో ఎత్తి చూచి, తరువాత మాట్లాడవలెనని మా విన్నపము.