దారానికి దొరకని వంపు

కామర్సు చదివిన మావంటి వాళ్ళకు మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. ట్రయల్ బ్యాలెన్సులో రెండు వైపులా మొత్తాలు కుదిరినంత మాత్రాన పద్దులన్నీ ఒప్పని కాదు. ఒకరి ఖాతాలో వేయవలసిన సొమ్ము మరొకరి ఖాతాలో వేసినా మొత్తాలు కుదురుతాయి. సైకిల్ ఫ్రేముకీ ఇదే న్యాయం వర్తిస్తుందంటే మీరు నవ్వుతారేమో!

మొన్న వర్షాకాలంలో మా పక్కింటాయన కొడుకు కోసం పాత సైకిలు బేరమాడుతూ నన్నూ వెంట రమ్మన్నారు. మా లమ్తపుట్ నుంచి మాచ్‌ఖండ్ వైపు దారంతా ఎత్తుపల్లాలే. పల్లంలో ఫ్రేము విరిగితే పిల్లవాడి గతేమిటి?

అమ్మేవాడు దారం తీశాడు. వెనక ఇరుసు దగ్గర ఒక పక్క కట్టి, ముందున్న హెడ్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్కకు తెచ్చి బిగించాడు. సీటు గొట్టానికీ దారానికీ మధ్య ఎడం రెండు పక్కలా సమానం. "చూశారా బాబూ, తిన్నగా వుంది" అన్నాడు.

మంచి పరీక్షే. అయితే అది చెప్పేది ఫ్రేము పక్కకు వాలలేదని మాత్రమే. ఎదురుగా దేన్నో గుద్దుకున్న సైకిలు పక్కకు వంగదు. ముందు చక్రం వెనక్కి తోసుకువచ్చి, హెడ్ గొట్టం వెనకాల గొట్టాలు నిలువునా వంగుతాయి. దారానికి ఆ వంపు దొరకదు.

అందుకే ఫ్రేము కట్టేవాళ్ళు అతకకముందే ఒక్కో గొట్టాన్నీ విడిగా చూస్తారు. చదునైన బల్లమీద దొర్లించి, కిందనుంచి వెలుతురు కనబడుతుందేమో గమనిస్తారు. లేదా రెండు కొసలూ ఆనించి తిప్పుతూ, నడిమధ్య డయల్ గేజి పెడతారు. ముల్లు ఒక మిల్లీమీటరు ఆడితే అసలు వంపు అరమిల్లీమీటరే. తిప్పినప్పుడు అది రెట్టింపై కనబడుతుంది.

కట్టేసిన ఫ్రేముకు అంత హంగు అక్కర్లేదు. పక్కింటాయన వాలుగొట్టం మీద స్కేలు నిలువుగా ఆనించారు. హెడ్ గొట్టం దగ్గర సందు కనబడింది. అడుగున వేలితో తడిమితే ముడత తగిలింది, రంగు చిట్లి వుంది. అమ్మేవాడు వంచి సరిచేసి ఇస్తానన్నాడు. ఒకసారి ముడతపడిన ఉక్కును తిరిగి వంచితే చూపుకు తిన్నగా వుంటుంది గాని పూర్వపు బలం రాదు. బేరం వదిలేశాం.

మీరూ పాత సైకిలు కొనేముందు దారం పట్టండి, తప్పులేదు. తరువాత వాలుగొట్టం అడుగున వేలు పెట్టి చూడడం మాత్రం మరచిపోకండి.