వినతిపత్రం: వ్యసనంతో పోరాడుతున్న సినీ కళాకారులకు, కార్మికులకు గోప్యమైన ముఖాముఖి చికిత్స కల్పించడం గురించి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యుల సముఖమునకు,
హైదరాబాద్.

ఆర్యా,

ఫిల్మ్ నగర్, కృష్ణానగర్, ఇందిరానగర్, యూసఫ్‌గూడ, మణికొండ చిత్రపురి కాలనీల్లో కాపురముంటూ తెలుగు సినిమాను నమ్ముకుని బతుకుతున్న కళాకారుల, సాంకేతిక నిపుణుల, కార్మికుల కుటుంబాలవారం మేము. మాలో కొందరు తాగుడు నుంచో, గంజాయి నుంచో, నిద్రమాత్రల నుంచో బయటపడ్డవారు. మరికొందరు బయటపడలేకపోయినవారి భార్యలు, తల్లులు, పిల్లలు. మాకు దక్కవలసినది ఇప్పటికే చట్టంలో రాసి ఉంది. అది మా వీధి దాకా రావడానికి ఏం చేయాలో తమ ముందుంచుతున్నాం.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను జబ్బుల్లోనే చేర్చింది. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల ద్వారా, భరించగల ఖర్చులో, దగ్గరలో చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కని సెక్షన్ 18 చెబుతోంది. ఆచరణ ఎంత దూరంలో ఉందో కేంద్రం 2019లో విడుదల చేసిన సర్వే చూపింది. ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు చేసిన ఆ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది ఎక్కడున్నారని అడిగితే, వారిలో కొందరిని మేము రోజూ చూస్తున్నాం.

తెల్లవారుజామున కృష్ణానగర్‌లో యూనిట్ బండ్లు ఆగే చోట నిలబడితే ఎవరికైనా కనిపిస్తుంది. ఆరు గంటల కాల్షీటుకు బయల్దేరిన లైట్‌మన్ చేతిలో టీ గ్లాసు నిలవదు. ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకుని తాగుతాడు. రాత్రి తాగిన మందు దిగిపోయిందని పక్కవాళ్లకు తెలుసు. ఆ చేతులతోనే ఎత్తుకెక్కి లైటు బిగించాలి. అందుకని తోటివాళ్లే ఒక క్వార్టర్ తెచ్చి పట్టిస్తారు, వణుకు ఆగుతుంది, ఆ రోజు కూలి నిలుస్తుంది. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్ల చేతిలో ఉన్న మందు అదొక్కటే. ఇంట్లోవాళ్లు ఒట్టు పెట్టించుకుని ఒక్కసారిగా మాన్పిస్తే పరిస్థితి ఇంకా ప్రమాదం. ఏళ్ల తరబడి తాగినవారికి మానేసిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం పోవచ్చు. ఆ కొద్దిరోజులు వైద్యుడి కనుసన్నల్లో గడవాలి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది, నెలల తరబడి సాగుతుంది. ఆ నెలల కోసమే ఈ విన్నపం.

ఆ పనికి ఒక గది కావాలి, ఒక మనిషి కావాలి. వారం వారం అదే మనిషి, ముప్పావుగంట, మూసిన తలుపు. పేమెంటు చేతికందిన రాత్రి ఏ దారిన ఇంటికి వెళ్లాలి, ప్యాకప్ తర్వాత గ్లాసు అందించే స్నేహితుడికి ఏ మాట చెప్పాలి, సినిమా ఆగిపోయి రెండు నెలలు పని లేనప్పుడు పగటిపూట ఎలా గడపాలి, ఎక్కడ తొలిసారి కాలు జారింది అన్నవి ఆ గదిలో ఒక్కొక్కటిగా విప్పి చూసుకోవాలి. మళ్లీ జారినా తిట్లు లేకుండా మళ్లీ మొదలుపెట్టగలగాలి.

బృందంగా కూర్చునే సమావేశాల మీద మాకు గౌరవం ఉంది. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతి వల్ల నిలబడ్డవారు మాలోనూ ఉన్నారు. అయితే మా పేటలో ఒక చిక్కుంది. ఆ వలయంలో కూర్చున్న నటుడి ముఖం బయట హోర్డింగ్ మీద ఉంటుంది. జూనియర్ ఆర్టిస్టు పక్క కుర్చీలో రేపటి కాల్‌కు ఎవరిని పిలవాలో తేల్చే కోఆర్డినేటరే ఉండవచ్చు. నోరు విప్పితే పని పోతుందన్న భయం ఉన్నచోట ఏ చికిత్సా మొదలు కాదు. తొలి అడుగు ఏకాంతంలో పడాలి. సమూహంలోకి ఎప్పుడు వెళ్లాలో ఆ మనిషే నిర్ణయించుకుంటాడు.

జూబ్లీహిల్స్‌లో ఇలాంటి గదులు లేవని అనడం లేదు. డబ్బు, కారు, మేనేజరు ఉన్నవారు గుట్టుగా వెళ్లి రాగలరు. ఆ కొండ దిగువన అద్దెగదిలో ఉండే డ్యాన్సర్‌కు, మేకప్ సహాయకుడికి ఒక్క సెషన్ ఫీజంటే ఇంటి ఖర్చుల్లో కోతే. వారికి మిగిలింది ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయమే. 2015లో కల్తీ కల్లు దొరక్క జిల్లాల నుంచి వచ్చిపడిన వందలాది మందినీ, 2020 లాక్‌డౌన్‌లో మందు, కల్లు ఆగి తల్లడిల్లినవారినీ ఆదుకున్న ఆసుపత్రి అది. అక్కడి సిబ్బందికి మేము రుణపడి ఉన్నాం. కానీ ఓపీ పగటిపూట, షూటింగూ పగటిపూటే. డాక్టరును చూడాలంటే కూలి వదులుకోవాలి. పైగా ఆ పేరును మా సినిమాల హాస్య సన్నివేశాలే ఎగతాళికి వాడీ వాడీ, అక్కడికి వెళ్లడమే పరువు తక్కువన్న భావం నాటుకుపోయింది.

ఈ బాధ కొత్తది కాదు. మహానటి సావిత్రి గారు మద్యం, మధుమేహం కుంగదీయగా కోమాలోకి వెళ్లి, 19 నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. ఆమె కథను పరిశ్రమ 2018లో తెరకెక్కించింది, ఊరూరా జనం కంటతడి పెట్టారు. ఆమెకు నివాళిగా ఏదైనా చేయదలిస్తే అలాంటివారికి వేళకు దొరికే వైద్యాన్ని మించింది మాకు తోచడం లేదు.

2017 జూలైలో ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం మాదకద్రవ్యాల కేసులో సినీరంగానికి చెందినవారిని నాంపల్లి అబ్కారీ భవన్‌కు పిలిపించి ప్రశ్నించింది. తప్పొప్పులు తేల్చడం న్యాయస్థానాల పని, దాని జోలికి మేము పోము. అయితే గేటు ముందు రోజుల తరబడి నిలిచిన కెమెరాలను మా ఇళ్లలోనూ చూశారు. సాయం అడగాలనుకున్నవారు ఆ దృశ్యాల నుంచి నేర్చుకున్నది నోరు మూసుకోవడమే. 2025 జూన్ 26న శిల్పకళా వేదికలో ముఖ్యమంత్రి గారు మాదకద్రవ్యాల నిరోధానికి ఈగల్ విభాగాన్ని ప్రకటించిన సభలో, డ్రగ్స్‌తో సంబంధం ఉన్నవారిని పరిశ్రమ నుంచి బహిష్కరించాలన్న మాట కూడా వినిపించింది. అమ్మేవారి విషయంలో మాకు అభ్యంతరం లేదు. వాడి నలిగిపోయినవాడికీ అదే శిక్ష అయితే, రేపు వైద్యుడి దగ్గరకు ఎవరు వెళతారు?

కనుక ఈ కింది డిమాండ్లను తమ ముందుంచుతున్నాం.

మొదటిది. యూసఫ్‌గూడ, ఫిల్మ్ నగర్, మణికొండ పరిధిలోని బస్తీ దవాఖానాల్లో గానీ పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గానీ సాయంత్రం 6 నుంచి రాత్రి 10 వరకు ముఖాముఖి చికిత్స గదులు తెరవాలి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులను నియమించి, ఎర్రగడ్డ వైద్యుల పర్యవేక్షణలో నడపాలి. వచ్చినవారికి కనీసం ఆరు నెలలు ఒకే థెరపిస్టు ఉండాలి, మనిషి మారితే చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది. స్త్రీలు కోరితే మహిళా థెరపిస్టును కేటాయించాలి. గది బయట మత్తు విముక్తి అనే బోర్డు పెట్టవద్దు. బీపీకి, షుగరుకు వచ్చేవారితో పాటు అదే తలుపు గుండా వెళ్లనివ్వాలి.

రెండవది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రోగి గోప్యత హక్కును సెక్షన్ 23, అనుమతి లేకుండా ఫోటోగానీ సమాచారంగానీ మీడియాకు ఇవ్వరాదన్న నిబంధనను సెక్షన్ 24 స్పష్టంగా చెబుతున్నాయి. వీటి అమలుకు లిఖితపూర్వక ఆదేశాలివ్వాలి. ఫైలు మీద పేరుకు బదులు నంబరు ఉండాలి. చట్టం అనుమతించిన మినహాయింపులు తప్ప నిర్మాతకు, యూనియన్‌కు, పోలీసుకు ఏ వివరమూ వెళ్లకూడదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేసేవారికి కూడా ఈ హామీ ముందే వినిపించాలి.

మూడవది మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ ప్రకారం, వాడకం నేరం గానీ స్వల్ప పరిమాణం నేరం గానీ మోపబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చి పూర్తి చేస్తే అతనిపై ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు, అది న్యాయమే. అయితే ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలోనో సంస్థలోనో చికిత్స పొందితేనే ఇది వర్తిస్తుంది. అంటే గుర్తింపు లేని క్లినిక్‌లో ఒక అర్హురాలైన సైకాలజిస్టు దగ్గరకు ఏడాది పాటు తప్పకుండా వెళ్లినవాడికి కూడా చట్టపరమైన రక్షణ లేనట్టే. అందుచేత పైన కోరిన గదులనూ, ప్రమాణాలు పాటించే ప్రైవేటు క్లినిక్‌లనూ ఈ సెక్షన్ కింద గుర్తించి నోటిఫై చేయాలి. ఎక్సైజ్, ఈగల్ విభాగాలతో ఉమ్మడి సర్క్యులర్ ఇప్పించి, డ్రగ్స్ గురించి 1908 నంబరుకు సమాచారం ఇమ్మని చెప్పే ప్రతి ప్రకటనలోనూ ఈ రక్షణ గురించి ఒక వాక్యం చేర్చాలి.

నాలుగవది. చికిత్సలో ఉన్నారన్న కారణంతో ఎవరినీ సినిమా నుంచి, యూనియన్ నుంచి తొలగించకుండా ఫిలిం ఛాంబర్, ఫిలిం ఎంప్లాయీస్ ఫెడరేషన్, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్‌లతో తమ సమక్షంలో ఒప్పందం కుదర్చాలి. 2025 ఆగస్టు సినీ కార్మికుల సమ్మెలో వేతనాల పేచీని నిర్మాతలూ కార్మికులూ కూర్చుని 22.5 శాతం పెంపుతో తేల్చుకున్నాయి. కాబట్టి దీన్నీ తేల్చుకోగలవని మా నమ్మకం. మందు దిగే తొలి రోజులకు సెలవు, తిరిగి వచ్చాక అదే పని ఇస్తే చాలు.

ఐదవది ఖర్చు. మానసిక జబ్బులకు శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 21 అంటోంది. ఆసుపత్రిలో చేరితే తప్ప డబ్బు రాని గ్రూపు పాలసీల్లో వారం వారం జరిగే సెషన్లకు చోటుండదు, ఈ లోటును బీమా సంస్థలతో మాట్లాడి సరిచేయాలి. టికెట్ ధరల పెంపు ఆదాయంలో 20 శాతం కార్మికులకు చెందాలని ముఖ్యమంత్రి గారు 2025 అక్టోబరులో యూసఫ్‌గూడలో అన్నారు. అందులో కొంత ఈ చికిత్సకు కేటాయించమని కోరుతున్నాం. ధరల పెంపు అడిగేవారు డ్రగ్స్‌కు వ్యతిరేకంగా వీడియో చేయాలని 2024లో ప్రభుత్వమే కోరింది, ఆ వీడియో చూసి కదిలినవాడు ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పగలగాలి.

ఆరవది. ప్రైవేటు రీహాబ్ కేంద్రాలన్నీ రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదయ్యాయో లేదో తనిఖీ చేయాలి. చికిత్స చేసేవారి అర్హతలను, రుసుములను గోడ మీద తెలుగులో రాయించాలి.

ఇవన్నీ ఒకేసారి జరగాలని మేము పట్టుబట్టడం లేదు. యూసఫ్‌గూడలో ఒక్క గదితో మొదలుపెట్టి, ఆరు నెలలకు పేర్లు లేని లెక్కలు చూసి విస్తరించవచ్చు. సెక్షన్ 64ఏ నోటిఫికేషన్‌కు పెద్ద ఖర్చు లేదు గనుక దానికి ఆగనక్కర్లేదు. 30 రోజుల్లోగా మా ప్రతినిధులకు సమావేశం ఇప్పించి, ఏ డిమాండును అంగీకరిస్తున్నారో, దేనికి ఎంత గడువు కావాలో, కాదన్నదానికి కారణమేమిటో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం. సంతకం చేసినవారిలో చికిత్స పొందుతున్నవారు కూడా ఉన్నందున, సంతకాల జాబితాను సీలు చేసిన కవరులో వేరుగా సమర్పిస్తున్నాం. దానిని ఫైలుకు జతచేయవద్దని మనవి.

ఇట్లు,
ఫిల్మ్ నగర్, కృష్ణానగర్, ఇందిరానగర్, యూసఫ్‌గూడ, చిత్రపురి కాలనీ సినీ కుటుంబాలు

ప్రతులు: ఛైర్మన్, తెలంగాణ ఫిలిం డెవలప్‌మెంట్ కార్పొరేషన్, అధ్యక్షులు, తెలుగు ఫిలిం ఛాంబర్ ఆఫ్ కామర్స్, అధ్యక్షులు, తెలుగు ఫిలిం ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్, అధ్యక్షులు, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్.