పొగగొట్టానిదే తప్పా?

మే నెల వచ్చిందంటే మా వార్డులో వడదెబ్బ కేసులు మొదలవుతాయి. జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో ఉపాధి పనికి, వడ్ల కల్లాలకు వెళ్ళినవారిని ఆటోల్లో తీసుకువస్తారు. "ఇంత ఎండ ఎందుకు సిస్టరమ్మా? భూపాలపల్లి బొగ్గు వల్లనే కదా?" అని ఇంటివారు మమ్మల్ని అడుగుతుంటారు. నిజమే గాని, పూర్తి నిజము కాదు.

చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రము సామర్థ్యము 1,100 మెగావాట్లు. అక్కడ బొగ్గు మండినప్పుడు వచ్చే కార్బన్ డై ఆక్సైడ్ కంటికి కనిపించదు. దుప్పటిలా భూమి వేడిని బయటికి పోనివ్వదు. అందులో కొంత భాగము వందల ఏళ్ళు గాలిలోనే ఉంటుంది. భూమి వేడెక్కడానికి అన్నిటికన్నా పెద్ద కారణము ఇదే.

రెండవది మీథేన్. నీరు నిలిచిన వరి మడిలో మట్టికి గాలి ఆడదు. అక్కడి సూక్ష్మజీవులు ఈ వాయువును తయారు చేస్తాయి. పశువుల త్రేన్పులలో, బొగ్గు గనులలో కూడా ఇది ఉంటుంది. నూరేళ్ళ లెక్కన, ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డై ఆక్సైడ్‌తో సమానము. కాని దాని ఆయుష్షు సుమారు 12 ఏళ్ళే.

మూడవది నైట్రస్ ఆక్సైడ్. పైరు తీసుకోగా మిగిలిన యూరియా నుండి పుడుతుంది. ఇది 273 రెట్లు బలమైనది, నూరేళ్ళకు పైగా నిలుస్తుంది. ఆపరేషన్ థియేటర్లలో మత్తుకు వాడే వాయువు కూడా ఇదే! కాబట్టి ఆసుపత్రులవారమైన మాకూ ఇందులో వాటా ఉన్నది.

అన్నము పెట్టే రైతును తప్పు పట్టడము మా ఉద్దేశము కాదు. జ్వరము వచ్చిన బిడ్డకు మందు ఇస్తూనే తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తాము. బొగ్గు వాడకము తగ్గించడము మందు వంటిది. అది ప్రభుత్వాలు చేయవలసిన పెద్ద పని. మీథేన్ తగ్గించడము తడిగుడ్డ వంటిది. త్వరగా ఉపశమనము ఇస్తుంది, కాని మందుకు బదులు కాదు.

మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా, కొద్దిగా ఆరిన తరువాత మళ్ళీ పెట్టండి. పూత దశలో మాత్రము ఆరనివ్వవద్దు. ఇలా సరిగా చేస్తే మీథేన్ దాదాపు సగము తగ్గుతుంది, దిగుబడి తగ్గదు, బోరు నీరూ మిగులుతుంది. యూరియా వ్యవసాయాధికారి చెప్పిన మోతాదులోనే వేయండి. మా వంతుగా, థియేటర్ పని ముగియగానే సిలిండర్ మూసి, లీకులు చూసుకోవడము మా నర్సుల దినచర్య కావాలని మేము కోరుతున్నాము.

వడదెబ్బకు సెలైన్ పెట్టడము మాకు తెలుసు. ఆ మంచము ఖాళీగా ఉండాలన్నదే మా కోరిక.