గంటలో హైదరాబాదు!

మా ఊరు గన్నవరం విమానాశ్రయానికి తూర్పున, రోడ్డుకి బాగా లోపలికి ఉంది. చేలో తలెత్తితే అప్పుడప్పుడూ విమానం కనబడుతుంది. ఒకరోజు నాన్న అడిగాడు: "ఏరా, హైదరాబాదు పడమర గదా, ఇదేంటి ఏలూరు దిక్కుకి లేస్తంది?"

బి.ఎస్సీ. వెలగబెడుతున్నాను గనుక జవాబు చెప్పక తప్పలేదు. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది. గన్నవరం రన్‌వే ఇంచుమించు తూర్పు పడమరలు. తూర్పుగాలి వీస్తుంటే అటే లేచి, పైన తిరుగుముఖం పట్టాలి. "చేను చివర అరక తిప్పినట్టన్నమాట" అన్నాడు నాన్న. నా జవాబు కంటే అదే నయం.

ఆ రాత్రి అక్షాంశ రేఖాంశాలు తీసుకుని లెక్క కట్టాను. గన్నవరం నుంచి శంషాబాదుకి భూగోళం మీద సూటిగా 264 కిలోమీటర్లు. ఈ దారిన తిరిగే చిన్న ఏ.టి.ఆర్. విమానం గంటకు సుమారు 500 కి.మీ. పోతుంది. అంటే అరగంట పని. కానీ టైంటేబుల్లో గంట వేస్తారు. నేలమీద నడక, ఎక్కడం, తిరగడం, దిగడం, అన్నీ అందులోనే. అక్కడికి న్యాయమే.

పేచీ అంతా ఆ గంటకి అటూ ఇటూ ఉంది. మొన్న జనవరిలో బాబాయిని గుండె పరీక్షకి హైదరాబాదు తీసుకెళ్లాల్సి వచ్చింది. బస్సులో కుదుపులెందుకని వడ్ల డబ్బుతో విమానం టిక్కెట్లు కొన్నాం. ఇంటి నుంచి విమానాశ్రయానికి ఆటోలో 50 నిమిషాలు. అక్కడ కాపలా గంటన్నర. విమానం గంట. బయటపడేసరికి అరగంట. ఆస్పత్రి దిల్‌సుఖ్‌నగర్ వైపు; శంషాబాదు నుంచి అక్కడికి గంటంబావు. మొత్తం 305 నిమిషాలు! 264 కిలోమీటర్లని దాంతో భాగిస్తే గంటకు 52. ఇది బస్సు వేగం కాదూ? తిరుగు ప్రయాణం నిజంగానే బస్సులో చేశాం. ఎల్.బి.నగర్‌లో ఎక్కి, బెజవాడలో దిగి ఇల్లు చేరేసరికి ఆరు గంటలు. వడ్ల డబ్బు పోసి మేం కొన్నది 55 నిమిషాలు. బాబాయికి కుదుపులు తప్పిన మాట మాత్రం నిజం.

లాబొరేటరీలో వెర్నియర్ కాలిపర్స్ చేతికిస్తే లెక్చరరుగారు మొదట అడిగేది జీరో ఎర్రర్ చూశావా అని. "గంటలో హైదరాబాదు" అనే మాటలో ఆ తప్పే ఉంది. సున్న విమానాశ్రయం గేటు దగ్గర పెట్టారు. మా సున్న ఇంటి గుమ్మం దగ్గర ఉంది.

విమానాలు వద్దనడం లేదు. ఢిల్లీ పోయేవారికి కావాలి. పెద్ద విమానాల కోసమే గన్నవరం రన్‌వేని 2,286 మీటర్ల నుంచి 3,360కి పెంచారు. చుట్టుపక్కల రైతులు భూములిచ్చారు. బాగానే ఉంది. కానీ 300 కిలోమీటర్ల లోపు దూరానికి రైలే మేలని నా అభిప్రాయం. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ బెజవాడ నుంచి సికింద్రాబాదుకి నాలుగు గంటల పైచిలుకులో పోతోంది, అదీ ఊరి నడిబొడ్డుకి. ఇక మిగిలింది మా ఊరి నుంచి బెజవాడ. ఆ ముక్కకి మాత్రం ఏ టైంటేబులూ లేదు. రన్‌వే కిలోమీటరు పైగా పెరిగింది గానీ, మా ఊరి బస్సు ఇప్పటికీ రోజుకి రెండు ట్రిప్పులే. పొద్దుటిది ఏడింటికని పేరు. నాన్న దాన్ని చూసి ఎన్నడూ గడియారం సరిచేసుకోలేదు.